కస్టమ్స్‌లో కందిపొడి

లక్ష్మీకాంతానికి కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో ఆయన్ని ఎరిగినవాళ్ళంతా ఈ మాట ఒప్పుకుంటారు. పార్కింగ్ దొరక్కపోతే కోపం, దొరికితే పక్క కారు గీత దాటి ఉందని కోపం. పదహారేళ్ళుగా మిషిగన్ మంచుని తిడుతూ, రోడ్ల మీద గుంతల్ని తిడుతూ, అక్కడే ఇల్లు కొనుక్కుని, వెనక పెరట్లో చెక్క డెక్ కట్టించుకుని స్థిరపడ్డాడు. కారు తలుపుల రేకుల్ని అచ్చుకొట్టే ప్రెస్సులు సరిగ్గా నడిచేలా చూడటం ఆయన ఉద్యోగం. ఆఫీసులో అందరూ కాంత్ అంటారు. మనిషి మంచివాడు, పనిమంతుడు. నోరే కాస్త ముందు నడుస్తుంది.

అలాంటి మనిషిని కంపెనీ సెప్టెంబరులో మూడు వారాలు జర్మనీ పంపింది. రూర్ ప్రాంతంలో, డూయిస్‌బుర్గ్ దగ్గర ఒక ఊళ్ళో, వాళ్ళ కంపెనీ కోసం కొత్త ప్రెస్ తయారవుతోంది. దాన్ని ఓడ ఎక్కించకముందే దగ్గరుండి నడిపించి చూసి రావాలి. బస ఏర్పాటు ప్రెస్ తయారుచేసేవాళ్ళదే. మూడు నక్షత్రాల హోటల్. మరీ తీసిపారేసేదీ కాదు, గొప్పదీ కాదు. అమెరికాలో హైవే పక్కన ఉండే హోటళ్ళలాగే ఉంటుందనుకుని వెళ్ళాడు: ఏసీ, గదిలో కాఫీ మెషీన్, కారిడార్ చివర ఐస్, పొద్దున్నే మనమే పిండి పోసుకుని తిప్పుకునే వాఫిల్ పెనం.

వీటిలో ఒక్కటీ లేదు.

ఏసీ లేదు. ఐస్ అడిగితే రిసెప్షన్‌లో ఉన్న బ్రింక్‌మన్ అనే ఆవిడ, "దేనికి?" అని అడిగింది. ఐస్ దేనికో చెప్పాల్సిన పరిస్థితి లక్ష్మీకాంతానికి జీవితంలో మొదటిసారి వచ్చింది. గదిలో నీళ్ళు కాచుకోవడానికి కెటిల్ లేదు. తాగే నీళ్ళ సీసా మూత తీస్తే సోడా. దిండు నలుచదరంగా పీట అంత ఉంది గానీ, తల పెట్టగానే అడుక్కి వెళ్ళిపోయి రెండు చెవుల పక్కనా గోడల్లా లేచి నిలబడింది. గది తాళంచెవికి అరకేజీ ఇత్తడి గుండు ఒకటి వేలాడుతోంది. బయటికి వెళ్ళేటప్పుడల్లా దాన్ని రిసెప్షన్‌లో అప్పగించాలి. కిటికీ తెరిస్తే ఎదురుగా ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాలు.

ఆ కిటికీ కథ వేరే చెప్పాలి. దాని పిడి పక్కకి తిప్పితే తలుపులా తెరుచుకుంటుంది, పైకి తిప్పితే పైభాగం మాత్రం లోపలికి వాలి ఆగుతుంది. ఆ సంగతి లక్ష్మీకాంతానికి ఎవరు చెప్పారు? ఉక్కపోస్తోందని పిడిని సగం ఇటూ సగం అటూ తిప్పాడు. కిటికీ మొత్తం ఊడి మీదికి వచ్చినట్టు వచ్చి, కింద ఒక మూల మాత్రం పట్టుకుని వేలాడింది. ప్రెస్సుల నిపుణుడు పది నిమిషాలు అద్దాన్ని గుండెకి హత్తుకుని నిలబడి, కాలి బొటనవేలితో ఫోన్ దగ్గరికి లాక్కుని రిసెప్షన్‌కి చేశాడు. బ్రింక్‌మన్ వచ్చింది. పిడి ఒక్కసారి తిప్పింది. కిటికీ మూసుకుంది.

"కిటికీ బాగానే ఉంది," అని ఇంగ్లీషులో చెప్పి వెళ్ళిపోయింది.

ఆమెకి యాభై ఐదేళ్ళుంటాయి. కళ్ళజోడు గొలుసుతో మెడలో వేలాడుతుంటుంది. ఏమడిగినా ముందు ఆ కళ్ళజోడు పెట్టుకుంటుంది, తర్వాత "అది కుదరదు" అంటుంది. ఇంకో దిండు కుదరదు. తొమ్మిదిన్నర దాటాక టిఫిన్ కుదరదు. ఆదివారం చొక్కాలు ఉతికించడం కుదరదు. ఆ మాటలో కోపం గానీ విసుగు గానీ ఉండదు. నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. తిరిగి కోప్పడని మనిషి మీద ఎంతసేపని అరుస్తాం? లక్ష్మీకాంతానికి అదే ఎక్కువ మండిపోయేది.

ఇక టిఫిన్ సంగతి. పొద్దున ఆరున్నరకల్లా బల్ల మీద ఏడు రకాల రొట్టెలు, అన్నీ గట్టివే. జున్ను బిళ్ళలు. పల్చగా కోసిన చల్లటి మాంసం, నూటికి తొంభై పాళ్ళు పంది. లక్ష్మీకాంతం కోడి, చేప తప్ప ఇంకేమీ ముట్టడు. మిగిలింది ఉన్ని టోపీ పెట్టిన ఉడకబెట్టిన గుడ్డు. గుడ్డుకి చలేస్తుందని టోపీ పెట్టారు గానీ మనిషికి కాస్త కారం పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఈ గోడంతా రోజూ వినేది భార్య కనకదుర్గ. ట్రాయ్‌లో ఆవిడ మధ్యాహ్నం అన్నం తినే వేళకి ఇక్కడ ఆయన పని ముగించుకుని గదికి వచ్చేవాడు.

"గొర్రెలకి పెట్టే రొట్టె, బాబోయ్! పళ్ళు కదిలిపోతున్నాయి. ఒక్క ముద్ద, వేడన్నంలో కందిపొడీ నెయ్యీ వేసుకుని ఒక్క ముద్ద తింటే చాలు, ఇంకేం అక్కర్లేదు."

"అన్నం ఎక్కడుంది మీకక్కడ?"

"స్టేషన్ దగ్గర చైనా వాడు ఇస్తున్నాడు, ఉత్తన్నం. అందులో కలుపుకోడానికే ఏమీ లేదు."

"ఎంత, ఇంక పదిరోజులేగా. ఓపిక పట్టండి," అనేది ఆవిడ.

రెండో వారం మంగళవారం, ప్రెస్ దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది. రఘువీర్. ట్రాయ్ ఆఫీసులో పక్క సీటు. కరీంనగర్ కుర్రాడు, లక్ష్మీకాంతాన్ని అన్నా అని పిలుస్తాడు.

"అన్నా, చిన్న డౌట్. నీ వీసా స్టాంపింగ్ పాత పాస్‌పోర్ట్‌ల ఉంది గదా? రెండూ తీస్కపోయినవ్ గదా? మా ఫ్రెండ్ ఒకడు ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్ట్‌ల ఆగిపోయిండట, అందుకే అడుగుతున్న."

"తెచ్చుకోక? రెండూ కలిపి రబ్బర్‌బ్యాండ్ వేసే ఉంటాయి," అన్నాడు లక్ష్మీకాంతం. అన్నాడే గానీ ఫోన్ పెట్టేయగానే హోటల్‌కి పరుగెత్తాడు, ఇత్తడి గుండు తీసుకున్నాడు, బ్యాగ్ బోర్లించాడు. కొత్త పాస్‌పోర్ట్ ఒక్కటే ఉంది. రబ్బర్‌బ్యాండ్ కూడా లేదు.

అమెరికాలో మళ్ళీ అడుగుపెట్టడానికి కావలసిన వీసా ముద్ర ఉన్నది గడువు తీరిన పాత పాస్‌పోర్ట్‌లో. ముద్రకి ఇంకా ఏడాది ప్రాణం ఉంది కాబట్టి పాతా కొత్తా రెండూ చూపిస్తేనే విమానం ఎక్కనిస్తారు. వేసవిలో జర్మనీ వీసాకి కొత్త పాస్‌పోర్ట్ ఒక్కటే పంపమన్నారని, రబ్బర్‌బ్యాండ్ విప్పి రెండింటినీ విడదీసింది లక్ష్మీకాంతమే. పాతది బల్ల మీద పడుంటే కనకదుర్గ తీసి దేవుడి అరలో పెట్టింది. స్టాంపింగ్ అయిన పాస్‌పోర్ట్‌కి పసుపు బొట్టు పెట్టి వెంకటేశ్వరస్వామి పటం వెనకాల పెట్టడం వాళ్ళింట్లో మొదట్నుంచీ ఉన్న అలవాటు. వచ్చిన తిప్పలల్లా, ప్రయాణంనాడు ఆయన దేవుడికి దణ్ణం పెట్టాడు గానీ పటం వెనక్కి చూడలేదు.

అది లేకపోతే సంగతేమిటో లక్ష్మీకాంతానికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇండియా వెళ్ళి కొత్త ముద్ర కోసం అపాయింట్‌మెంట్‌కి కూర్చోవాలి. అది ఎన్ని నెలలో తెలీదు. కంపెనీ ఎన్నాళ్ళు ఆగుతుందో అసలే తెలీదు. గ్రీన్‌కార్డ్ క్యూలో పన్నెండేళ్ళుగా నిలబడే ఉన్నాడు. భార్య వీసా, కూతురు సాన్వి వీసా రెండూ ఆయన వీసాకి వేలాడుతున్నవే. రెండేళ్ళప్పుడు వచ్చిన సాన్వి ఇప్పుడు హైస్కూల్ ఆఖరి ఏడాది.

భయం వేసినప్పుడు లక్ష్మీకాంతం చేసే పని ఒక్కటే. కనకదుర్గకి ఫోన్ చేసి అరిచాడు.

"బుద్ధుందా నీకు? పాస్‌పోర్ట్‌ని దేవుడి దగ్గర పెడతారా ఎవరైనా? అది ఫైల్‌లో ఉండాల్సిన వస్తువు!"

"పదహారేళ్ళుగా అక్కడే పెడుతున్నాను. అప్పుడు లేని బుద్ధి ఇప్పుడెక్కణ్ణించి వస్తుంది? రబ్బర్‌బ్యాండ్ నేను విప్పానా?"

"సరే సరే. ఇవాళే కొరియర్ చెయ్యి. ఎక్స్‌ప్రెస్‌లో. హోటల్ అడ్రస్ మెసేజ్ పెడతా. డాక్యుమెంట్స్ అని రాయి."

"అలాగే," అంది ఆవిడ. ఆ మధ్యాహ్నమే పంపేసింది. గురువారానికి అందాలి.

గురువారం రాలేదు. శుక్రవారం రాలేదు. కొరియర్ వాళ్ళ యాప్‌లో చూస్తే, 'కస్టమ్స్ దగ్గర నిలిపివేయబడింది' అని ఒక్క ముక్క. ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు జర్మన్‌లో ఏదో చెప్పి పాట పెట్టింది. లక్ష్మీకాంతం రిసెప్షన్ బల్ల దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాడు. బ్రింక్‌మన్ కళ్ళజోడు పెట్టుకుంది.

"కస్టమ్స్ ఆఫీసు శుక్రవారం ఒంటిగంటకి మూసేస్తారు. ఇప్పుడు రెండయింది. సోమవారం చూడాలి."

"సోమవారం దాకానా? నాకు వచ్చే శనివారం ఫ్లైట్ ఉంది!"

"అయితే టైమ్ ఉంది," అంది ఆవిడ.

ఆ శని ఆదివారాలు ఎలా గడిచాయో ఆయనకే తెలియాలి. ఆదివారం ఊరు ఊరంతా మూతపడింది. అరటిపండు కొందామన్నా కొట్టు లేదు. హోటల్ చుట్టూ ఎనిమిదిసార్లు తిరిగాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు దిండుని రెండు గుద్దులు గుద్దాడు. ఇంటికి ఫోన్ చేసి కిటికీని, రొట్టెని, ఆదివారాన్ని, జర్మనీ దేశాన్ని ఏకరువు పెట్టి తిట్టాడు. ఎప్పుడూ ఎదురు చెప్పే కనకదుర్గ ఆ రెండు రోజులూ ఊఁ కొట్టి ఊరుకుంది. తనకి పనుందని చెప్పి ఫోన్ పెట్టేసింది కూడా. నేనిక్కడ చస్తూ ఉంటే ఈవిడకి పనులేమిటని, దాని మీద ఇంకో కోపం.

సోమవారం సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి బ్రింక్‌మన్ చేతిలో కాగితం పట్టుకుని నిలబడి ఉంది. కస్టమ్స్ వాళ్ళు హోటల్‌కి పంపిన లేఖ.

"హెర్ లక్ష్మీకాంతం, ఎర్రటి పొడి ఏమిటి?"

"ఏ ఎర్రటి పొడి?"

ఆవిడ చదివింది. పత్రాలు అని ప్రకటించిన కవరులో, గడువు తీరిన పాస్‌పోర్ట్ ఒకటి. గుర్తు తెలియని ఎర్రని పొడి, ఘాటైన వాసన, రెండు సంచులు, మొత్తం నాలుగు వందల గ్రాములు.

లక్ష్మీకాంతం అక్కడే సోఫాలో కూలబడి ఫోన్ చేశాడు.

"దుర్గా. కవర్లో పొడి పెట్టావా?"

"పెట్టాను. అందిందా?"

"ఎందుకు పెట్టావ్!"

"మీరేగా రోజూ కందిపొడి కందిపొడి అని కలవరించారు? ఎలాగూ కవరు వెళ్తోంది. పరాయి దేశంలో ఉన్న మనిషికి ఉత్త కవరు ఎలా పంపుతామండీ?"

 ఇండియా నుంచి ఎవరొచ్చినా సూట్‌కేస్‌లో ఖాళీ ఉంటే పాపమన్నట్టు సాక్సుల్లో కూడా జీడిపప్పు కుక్కి తెచ్చే జాతి మనది. ఆ పద్ధతిని ఆయనే ఏనాడూ తప్పు పట్టలేదు. పైగా అడిగింది ఆయనే. అయినా కేకలు వేశాడు. పక్క బల్ల దగ్గర కాఫీ తాగుతున్న ముసలాయన లేచి దూరంగా వెళ్ళి కూర్చున్నాడు. కనకదుర్గ అంతా విని, "ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి," అంది నెమ్మదిగా. ఏం చెయ్యాలో తెలిస్తే ఆయన అరవడమెందుకు?

తెలిసింది బ్రింక్‌మన్‌కి. అప్పటిదాకా ఆవిడ చేతిలో నియమం లేని సమస్య ఉంది, ఇప్పుడు ఫారం ఉన్న సమస్య వచ్చింది. ఫోన్ అవగానే ఆయన్ని బల్ల దగ్గరికి పిలిచి, కుర్చీ చూపించి, పెన్ను తీసింది.

"అందులో ఏముందో ఒక్కొక్కటీ చెప్పండి. శాతాలతో."

"శాతాలా? మా ఆవిడ చేత్తో వేస్తుంది!"

"సుమారుగా."

కందిపప్పు చెప్పాడు. వేయించిందా, పచ్చిదా అని అడిగింది. ఎండు మిరపకాయలు, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు. మాంసం ఉందా? లేదు. పాలు? లేదు. నెయ్యి పైన వేసుకుంటాం, లోపల ఉండదు. పాలు లేవని గీత గీసి రాసింది. మందా? కాదు. తింటారా, పూస్తారా? తింటాం తల్లీ తింటాం! ఆవిడ అదీ రాసింది. తర్వాత ఇంకో కాగితం ముందుకి తోసింది.

"పొడి విడిపించాలంటే పరీక్ష చేస్తారు, మూడు వారాలు. లేదా దాన్ని నాశనం చేయడానికి మీ అంగీకారం ఇవ్వాలి. అప్పుడు పాస్‌పోర్ట్ వదులుతారు."

వేడన్నంలో ఒక్క ముద్ద కోసం రెండు వారాలు అల్లాడిన మనిషి, ఆ పొడిని తగలబెట్టండని తన చేత్తో సంతకం పెట్టాడు. బ్రింక్‌మన్ ఆ కాగితాల్ని ఫ్యాక్స్ చేసింది. ఫ్యాక్స్! అది వెళ్ళిందో లేదో అని మంగళవారం పొద్దున్న ఫోన్ చేసింది. వాళ్ళు రేపు అన్నారు. బుధవారం ఎనిమిదయ్యేసరికి మళ్ళీ చేసింది. అవతలి మనిషి ఏదో అడ్డం చెబితే ఫలానా నియమం ఫలానా పేరా అని చదివి వినిపించింది. అవతలివాడు ఏమన్నాడో గానీ ఆవిడ మొహంలో మార్పు లేదు. గురువారం మళ్ళీ చేసింది. తనకి అది కుదరదు, ఇది కుదరదు అని చెప్పిన గొంతే కస్టమ్స్ వాళ్ళకి చెబుతుంటే లక్ష్మీకాంతానికి వినసొంపుగా ఉంది. థాంక్స్ చెప్పబోతే, "ఇది హోటల్‌కి వచ్చిన ఉత్తరం. జవాబు ఇవ్వాలి కదా," అంది.

శుక్రవారం పదకొండింటికి ఫ్యాక్టరీకి ఫోన్ వచ్చింది. కవరు చేరింది. ప్రెస్‌ని నడుస్తుండగానే జర్మన్ ఇంజనీర్లకి వదిలేసి పరుగెత్తాడు. పాత పాస్‌పోర్ట్, అట్ట మీద పసుపు బొట్టు, పేజీల నిండా వెల్లుల్లి వాసన. ముద్ర ఉన్న పేజీ తెరిచి చూసి, మూసి, మళ్ళీ తెరిచి చూశాడు. గదికి వెళ్ళి మంచం మీద కూర్చుని ఏడ్చాడు కూడా. చెప్పుకోడానికి సిగ్గయినా అది నిజం.

ఇంటికి ఫోన్ చేసి వచ్చిందని మాత్రం చెప్పాడు.  కనకదుర్గ, "సరే, జాగ్రత్తగా రండి," అంది. అంతేనా? ఇంత పడ్డవాడితో మాట్లాడే మాటేనా అది? శనివారం విమానంలో ఎనిమిదిన్నర గంటలూ ఆయన ఇంటికెళ్ళి అనాల్సిన మాటలు పేర్చుకుంటూనే ఉన్నాడు. దేవుడి అర గురించి, పొడి గురించి, ఫోన్ పెట్టేయడం గురించి. డెట్రాయిట్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసర్ రెండు పాస్‌పోర్ట్‌లూ తిప్పి, ఒకసారి వాసన చూసి, ముద్ర కొట్టి పంపించాడు.

టాక్సీ దిగి తలుపు తోసేసరికి మాటలన్నీ నోటి చివర సిద్ధంగా ఉన్నాయి.

హాల్లో పెద్ద సూట్‌కేసులు ఆరు, గోడవారగా వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదానికీ ఇరవై మూడు కిలోలు అని చీటీ అంటించి ఉంది. మెట్ల పక్కన నల్ల సంచుల్లో మంచు కోట్లు, బూట్లు, ఎవరికైనా ఇచ్చేయడానికి. గోడ మీద ఫోటోలు లేవు, మేకులు మాత్రం ఉన్నాయి. సోఫాలో సాన్వి ఫోన్ చూసుకుంటూ కూర్చుంది.

"నాన్నా! యూ మేడ్ ఇట్!" అని లేచి వచ్చి కౌగిలించుకుంది. "అమ్మ నా స్కూల్‌కి వెళ్ళి ట్రాన్స్‌క్రిప్ట్స్ కూడా తెచ్చేసింది, తెలుసా? కౌన్సెలర్ అడిగింది, ఎక్కడికి మూవ్ అవుతున్నారు అని. అమ్మ చెప్పలేదు. నేను కూడా ఏమీ చెప్పలేదు."

కనకదుర్గ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది. మూడు వారాల్లో చిక్కిపోయింది.

"ఎవరు చెప్పారు నిన్ను సర్దమని?" అన్నాడు లక్ష్మీకాంతం. గొంతు పైకి లేవబోయి సగంలో ఆగింది. "నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"మీరు దిండు గురించి చెబుతున్నారు కదండీ. మధ్యలో ఏం చెప్పను?"

ఆయన భుజాన ఉన్న బ్యాగ్ తీసి కింద పెట్టాడు.

"పోయిన శనివారం పొద్దున్న అనిపించింది," అంది ఆవిడ, సూట్‌కేసుల వైపు చూస్తూ. "మీరు రాలేకపోతే మమ్మల్ని ఎన్నాళ్ళు ఉండనిస్తారో తెలీదు. పదహారేళ్ళ కాపురం, సర్దడానికే నెల పడుతుంది, ఇప్పట్నుంచే మొదలుపెడదాం అనుకున్నాను."

పైట చెంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆదివారం సాయంత్రానికి అయిపోయిందండీ."